మాట తప్పే నీతి రాజుకి, మాట తప్పని నీతి మాలదాసరికి

(మధురవాడలో ఆదివారం జరిగిన అధ్యయన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సభలో మాకియవెల్లి గురించి మాట్లాడుకుందాం అనగానే కొందరు మొహం చిట్లించారు. ఫూలే ఉన్నాడు, అంబేద్కర్ ఉన్నాడు, పెరియార్ ఉన్నాడు, ఐదొందల ఏళ్ళ కిందటి ఇటలీవాడు మనకెందుకు, వాడు రాజులకి కుట్రలు నేర్పినవాడు గదా అన్నారు. రాజ్యాధికారం కావాలని మనం గోడల మీద రాస్తున్నాం. ఆ రాజ్యాధికారం ఎలా చేతికొస్తుంది, ఎలా నిలుస్తుంది, ఎలా జారిపోతుంది అన్న సంగతిని ధర్మం పేరూ పుణ్యం పేరూ అడ్డం పెట్టుకోకుండా రాసిన పుస్తకం అతను రాశాడు. దొంగతనం ఎలా జరుగుతుందో దొంగ ఇంటివాడే చెబితే, పోగొట్టుకున్నవాడు చెవి ఒగ్గి వినాలా వద్దా?

ముందు మనిషి సంగతి. మాకియవెల్లి ఫ్లోరెన్స్ నగర ప్రభుత్వంలో 1498 నుంచి 1512 దాకా కార్యదర్శి ఉద్యోగం చేశాడు. ప్రభుత్వం మారింది. మెడిచీ కుటుంబం మళ్ళీ గద్దెనెక్కింది. ఉద్యోగం ఊడింది. కుట్ర చేశాడన్న అనుమానం మీద 1513లో జైల్లో పెట్టి, చేతులు వెనక్కి విరిచి కట్టి తాడుతో పైకి లాగి హింసించారు. బయటికొచ్చాక ఊరి బయట పొలం ఇంట్లో కూర్చుని 'ప్రిన్స్' అనే చిన్న పుస్తకం రాశాడు. తనని హింసించిన ఆ కుటుంబానికే దాన్ని అంకితం చేశాడు, మళ్ళీ ఉద్యోగం ఇస్తారేమోనని. రాలేదు. 1527లో చనిపోయాడు. పుస్తకం అచ్చయింది 1532లో.

ఆ అంకితంలో ఒక పోలిక ఉంది. కొండ బొమ్మ గీయాలంటే మైదానంలో నిలబడాలి, మైదానం గీయాలంటే కొండెక్కాలి, అలాగే రాజుల స్వభావం తెలియాలంటే కింద ప్రజల్లో ఉండాలి అన్న అర్థంలో రాశాడు. అది చదివినప్పుడు మనకి సింహాచలం కొండ గుర్తుకు రావాలి. మధురవాడ నుంచి ఆ కొండల వరస కనబడుతుంది. కొండ మీద నిలబడినవాడు కింద పేటని ఎలా చూశాడో వందల శాసనాల్లో చెక్కించాడు. కింద నుంచి కొండ ఎలా కనబడిందో ఏ రాయి మీదా లేదు. ఇవాళ మేం చేసేది ఆ పనే. కింద నిలబడి చూడడం.

ఆ పుస్తకం పద్ధతి ఏమిటంటే, ప్రతి పాఠానికీ ఒక రాజుని ఉదాహరణగా నిలబెడతాడు. మోజెస్, సైరస్, రోములస్, థీసియస్ అని పాతవాళ్ళని చెబుతాడు. ఆయుధం ఉన్న ప్రవక్త గెలిచాడు, లేనివాడు ఓడాడు అంటాడు. ఓడినవాడికి ఉదాహరణ ఫ్లోరెన్స్‌లోనే 1498లో ఉరి తీసి కాల్చేసిన సవనరోలా అనే సన్యాసి. ఇవన్నీ వదిలేద్దాం. మనకి కావలసిన ఉదాహరణలు రెండు.

ఒకడు సెజారె బోర్జియా, పోపు ఆరో అలెగ్జాండర్ కొడుకు. పోపుకి కొడుకేమిటని అడక్కండి, అప్పుడు అంతే. రెండోవాడు అగాథొక్లిస్, క్రీస్తుకి మూడొందల ఏళ్ళ ముందు సిసిలీ దీవిలో సిరాక్యూజ్ నగరాన్ని ఏలినవాడు. కుమ్మరి కొడుకు. సైన్యంలో కింది నుంచి ఒక్కో మెట్టే ఎక్కాడు. ఒక పొద్దున్న నగర పెద్దలందర్నీ సభకి పిలిచి సైనికులతో చంపించి, నగరాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బోర్జియా చేసిందీ అలాంటిదే. 1502 డిసెంబర్ 31న సినిగాలియా అనే ఊళ్ళో, రాజీ అని నమ్మించి తన మీద తిరగబడ్డ సేనానుల్ని పిలిపించి పట్టుకున్నాడు. ఇద్దర్ని ఆ రాత్రే గొంతు పిసికించాడు, మిగతావాళ్ళ పని తర్వాత పట్టాడు.

ఇప్పుడు మాకియవెల్లి తీర్పు చూడండి. కుమ్మరి కొడుకు దగ్గరికొచ్చేసరికి, తోటి పౌరుల్ని చంపినవాడికి రాజ్యం రావచ్చు గానీ కీర్తి రాదు, దాన్ని గొప్పతనం అనలేం అంటాడు. పోపు కొడుకు దగ్గరికొచ్చేసరికి, కొత్తగా రాజ్యం సంపాదించినవాడికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తనకి తెలియదంటాడు. రెండు నమ్మించి చంపడాలే. ఇందులో తేడా ఏమిటని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మేం పండితులం కాదు. మేం బడిపంతుళ్ళం. తరగతిలో ఒకే తప్పుకి ఇద్దరు పిల్లలకి రెండు రకాల దెబ్బలు పడితే అది ఎందుకో మాకు తెలుసు.

బోర్జియా గురించి ఇంకొక కథ. రొమాన్యా ప్రాంతాన్ని అదుపులో పెట్టడానికి రెమిరో డి ఓర్కో అనే కఠినుడికి సర్వాధికారం ఇచ్చాడు. అతను కొరడాతో శాంతి తెచ్చాడు. జనానికి కోపం వచ్చింది. కోపం తన మీదికి రాకూడదు గదా. 1502 డిసెంబర్ 26 పొద్దున్న చెసేనా ఊరి చౌకులో రెమిరో శవం రెండు ముక్కలై పడి ఉంది, పక్కన రక్తం అంటిన కత్తి. జనం తృప్తి పడ్డారు, బెదిరిపోయారు కూడా. ఆ రోజుల్లో మాకియవెల్లి ఫ్లోరెన్స్ దూతగా బోర్జియా వెంటే ఉన్నాడు. పని చేయించుకుని, పాపం నౌకరు నెత్తిన వేసి, నౌకర్ని తీసేయడం. ఎస్సై సస్పెన్షన్లు చూస్తున్న మనకి ఇది కొత్త కథేం కాదు.

సరే, ఇటలీ నుంచి మన ఊరికి వద్దాం. మాకియవెల్లి ఆ పుస్తకం రాస్తున్న రోజుల్లోనే, సరిగ్గా 1513లో, శ్రీకృష్ణదేవరాయలు గజపతి మీద దండయాత్రకి ఉదయగిరి చేరాడు. 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, రాజమండ్రి దాటి 1516లో సింహాచలం వచ్చాడు. పొట్నూరులో విజయస్తంభం నాటించాడు. అది ఎక్కడో లేదు, మన పద్మనాభం మండలంలో ఉంది. ఇటలీ రాజుల గురించి ఒక ఉద్యోగి రాశాడు. ఇక్కడ రాజే కలం పట్టి రాజనీతి రాశాడు. ఆ పుస్తకం పేరు 'ఆముక్తమాల్యద'. విష్ణుభక్తి కావ్యమని, గోదాదేవి పెళ్ళి కథని మనకి చెబుతారు. నిజమే. కాని నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం వదిలి వెళ్ళిపోతూ కొడుక్కి చెప్పే నీతులున్నాయి. అవి భక్తి పద్యాలు కావు. రాజ్యం ఎలా నడపాలో ఇరవై ఏళ్ళు నడిపినవాడు చెప్పిన లెక్క.

చెరువులు, కాలవలు పెంచు, పేదరైతుకి పన్ను సడలించు, అప్పుడు రాబడి పెరుగుతుంది అంటాడు. రేవుల్ని బాగుచెయ్యి, గుర్రాలూ ఏనుగులూ తెచ్చే విదేశీ వర్తకుల్ని మంచి చేసుకో, ఆ సరుకు శత్రువు చేతికి పోనివ్వకు అంటాడు. రేవు ఊళ్ళో ఉంటున్న మనం ఈ మాట విలువ కాదనం. గట్టి బుర్ర. ఇక అసలు సంగతి. కోటలు బ్రాహ్మణుల చేతిలో పెట్టమంటాడు. ఎందుకు? కష్టం వచ్చినా, క్షత్రియుడూ శూద్రుడూ చూసి నవ్వుతారేమోనన్న వెరపుతో బ్రాహ్మణుడు చోటు వదలకుండా నిలబడతాడట.

ఇది రాయల భక్తి అని కొందరు, బ్రాహ్మణ పక్షపాతం అని మనవాళ్ళు కొందరు అంటారు. రెండూ ఉండొచ్చు గాని, కింద నుంచి చూస్తే ఇంకొకటి కనబడుతుంది. విజయనగరంలో అమరనాయకులకి సైన్యం పెట్టమని సీమలు ఇచ్చారు. నాయకుడికి తన బలగం, తన కులం, తన ఊళ్ళు ఉంటాయి. రేపు కోట కూడా వాడి చేతిలో ఉంటే వాడే రాజవుతాడు. బ్రాహ్మణ దుర్గాధిపతికి అలాంటి సొంత సేన లేదు. వాడి బలం రాజు ఇచ్చినదే. మాకియవెల్లి కూడా ఇదే విడదీసి చూపించాడు. ఫ్రాన్సు రాజు చుట్టూ సొంత జనం ఉన్న జమీందారులు, తురుష్క సుల్తాను చుట్టూ అతను పెట్టిన నౌకర్లు. సుల్తానుని ఓడించడం కష్టం అన్నాడు. రాయలకి ఆ పుస్తకం తెలిసే వీలు లేదు. అయినా ఇద్దరూ ఒకే లెక్క వేశారు. అధికారంలో ఉన్నవాడికి ఆ లెక్క పుస్తకం చదవకపోయినా వస్తుంది.

ఇందులో మనం ఎక్కడున్నాం? క్షత్రియుడి నవ్వుకి భయం ఉంది. శూద్రుడి నవ్వుకి భయం ఉంది. పంచముడు నవ్వితే? ఆ నవ్వు లెక్కలోకే రాలేదు. మన నవ్వుకి ఎవరూ సిగ్గుపడక్కర్లేదన్నమాట.

రాయలు చెరువులు తవ్వించాడు, నిజం. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు ఒక పెద్ద చెరువు పని గురించి రాశాడు. 15, 20 వేల మంది నేల కనబడనంతగా మూగి పనిచేస్తున్నారట. ఆ చెరువు రెండు మూడుసార్లు తెగింది. బ్రాహ్మణుల్ని అడిగితే రక్తం కావాలన్నారు. గుడి వాకిట 60 మంది మనుషుల తలలు, కొన్ని గుర్రాలు, దున్నపోతుల తలలు నరికించారని పేస్ రాశాడు. ఆ 60 మంది పేర్లు రాయలేదు, కులాలు రాయలేదు. నాలుగో ఆశ్వాసంలో చెరువు ఉంది గాని ఈ 60 మంది లేరు. కావ్యాన్ని చదివేటప్పుడు పేస్‌ని పక్కన పెట్టుకోండి అని మేం పిల్లలకి చెబుతున్నాం.

మంత్రి తిమ్మరుసు సంగతీ అంతే. రాయల్ని గద్దెనెక్కించినవాడు, 'అప్పాజీ' అని పిలిపించుకున్నవాడు. కొడుకు చనిపోతే విషం పెట్టించారన్న అనుమానంతో రాయలు తిమ్మరుసు కళ్ళు తీయించి చెరలో వేశాడని నూనిజ్ అనే మరో పోర్చుగీసు వర్తకుడు రాశాడు. 1962లో వచ్చిన సినిమా చూసి మా ముందు తరం ఏడ్చింది. ఏడవాల్సిందే. కాని చెసేనా చౌకులో పడున్న రెమిరోని కూడా పక్కన పెట్టుకుని ఏడిస్తే కొంచెం తెలివి వస్తుంది. బ్రాహ్మణుడైనా రాజు ఇచ్చిన బలం రాజు తీసుకునేదాకే.

ఇప్పుడు అదే పుస్తకంలో ఆరో ఆశ్వాసం. అక్కడ మన మనిషి ఉన్నాడు. మాలదాసరి కథ. తెలుగు కావ్యాల్లో ఒక అస్పృశ్యుణ్ణి ఇంత ప్రేమగా వర్ణించిన చోటు చాలా అరుదని మేమూ ఒప్పుకుంటాం. అతను తెల్లారుజామున లేచి దూరం నడిచి కురుంగుడి విష్ణుగుడికి వెళతాడు. లోపలికి కాదు. బయటే నిలబడి పాడి, దండం పెట్టుకుని వెనక్కి వస్తాడు. ఒక రోజు దారి తప్పి అడవిలో బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కుతాడు. వాడు పూర్వం సోమశర్మ అనే బ్రాహ్మడు. దాసరి ఏమంటాడు? నన్ను తిను గాని, ఒక్కసారి స్వామి ముందు పాడి వస్తాను, నన్ను వదులు, తిరిగి వస్తాను అని ఒట్టు పెడతాడు. వెళతాడు. పాడతాడు. తిరిగి వచ్చి రాక్షసుడి ముందు నిలబడతాడు. రాక్షసుడు తెల్లబోయి, నీ పాట పుణ్యం కొంత నాకియ్యి అని కాళ్ళ మీద పడతాడు. ఆ పుణ్యంతో బ్రాహ్మడికి శాపం తీరిపోతుంది.

కథ బాగుంది. పిల్లలకి చెబితే కళ్ళు చెమరుస్తాయి. కాని ఒకే కవి, ఒకే పుస్తకం. నాలుగో ఆశ్వాసంలో బ్రాహ్మణుడికి కోట. ఆరో ఆశ్వాసంలో మాలవాడికి వాకిలి. కోటలో ఉన్నవాడికి సీమ, సైన్యం. వాకిట్లో ఉన్నవాడికి పుణ్యం, అదీ చివరికి బ్రాహ్మడి మోక్షానికే ఖర్చయింది. ఇంత గొప్ప భక్తుడు కదా, లోపలికి రా అని పుస్తకం రాసిన చక్రవర్తి అనలేదు. మన జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1947 ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా ఆ వాకిలి అలాగే ఉంది.

ఇక మాట సంగతి. 'ప్రిన్స్' పద్దెనిమిదో అధ్యాయంలో మాకియవెల్లి నిర్మొహమాటంగా తేల్చేశాడు. మాట నిలబెట్టుకుంటే నష్టం వస్తుందనుకుంటే రాజు నిలబెట్టుకోనక్కర్లేదు. సింహంలా బెదిరించాలి, నక్కలా వల పసిగట్టాలి. మాట తప్పినా తప్పినట్టు కనబడకూడదు. ఇది రాజుకి నీతి. మాలదాసరికి నీతి ఏమిటి? రాక్షసుడికి ఇచ్చిన మాటైనా తప్పకూడదు, తినేస్తాడని తెలిసీ తిరిగి రావాలి. ఈ రెండు నీతులూ ఒకే కాలంలో రాసినవి. మనకి బడిలో చెప్పింది రెండోది ఒక్కటే. మేం పిల్లలకి రెండూ చెప్పాలనుకుంటున్నాం. మాట తప్పమని కాదు. ఎదుటివాడు ఏ నీతి చదువుకుని వచ్చాడో తెలుసుకుని ఒప్పందం మీద సంతకం పెట్టమని.

సంతకాల సంగతి మన పేటల్లో చెప్పక్కర్లేదు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోయిన ఊళ్ళకి ఆర్-కార్డులు ఇచ్చారు, ఉద్యోగం అన్నారు. కార్డులు తండ్రుల చేతుల్లోంచి కొడుకుల చేతుల్లోకి వచ్చాయి. ఉద్యోగం రాని కుటుంబాలు వేలల్లో మిగిలిపోయాయి. డి-పట్టా భూముల సంగతి చూడండి. పేదవాడికిచ్చిన భూమి ఎవరూ కొనడానికి వీల్లేదని 1977 చట్టం చెప్పింది. ఆ చట్టం ఉండగానే భూములు ఎన్ని చేతులు మారాయో, కొమ్మాది నుంచి భీమిలి రోడ్డు దాకా నడిచి చూడండి. 2023లో సవరణ తెచ్చి, 20 ఏళ్ళు దాటితే అసలు పట్టాదారు అమ్ముకోవచ్చన్నారు. హక్కు వచ్చిందని కొందరు సంబరపడ్డారు. కాగితం ఇంట్లో ఉండి, భూమి ఎప్పుడో ఇంకొకరి కంచెలోకి పోయినవాడు ఏం అమ్ముకుంటాడు?

మాకియవెల్లి రాజుకి ఒక జాగ్రత్త చెప్పాడు. జనాన్ని భయపెట్టినా పర్వాలేదు గాని వాళ్ళ ఆస్తి జోలికి పోకు, తండ్రి చనిపోయిన బాధైనా మనిషి మరుస్తాడేమో గాని తండ్రి ఆస్తి పోయిన బాధ మరవడు అన్న అర్థంలో. మంచి పరిశీలనే. కాని మా తండ్రులకి ఆస్తి లేదు. పాలేరుతనమే ఆస్తి. అందుకే ఏ రాజూ మా జోలికి రావడానికి భయపడలేదు. మొదటిసారి ఆస్తి అనేది డి-పట్టా రూపంలో ఎకరమో అరెకరమో వచ్చింది. అది పోతే మాత్రం ఎందుకు మరవాలి?

మళ్ళీ సింహాచలం కొండకి. 1516 నాటి రాయల శాసనంలో స్వామికి 991 ముత్యాల హారం ఇచ్చినట్టుంది. ఇంకా నగలున్నాయి. 1519లో మరో దానం. భక్తి లేదని మేం అనం. గజపతుల దేవుడి దగ్గరికి గెలిచిన రాజు వచ్చి హారం వేస్తే, ఇక్కడి పెద్దలకి ఏ సంగతి చెప్పినట్టో అదీ చెప్పినట్టయింది. తర్వాత గజపతి కూతుర్ని పెళ్ళి చేసుకుని, కృష్ణకి ఉత్తరాన గెలిచిన నేలంతా మామకి తిరిగి ఇచ్చేశాడు. ఈ మధ్యలో ఇక్కడ ఎంతమంది చచ్చారో, ఎవరి పంటలు తగలబడ్డాయో ఆ శాసనంలో లేదు. ముత్యాలు మాత్రం ఒక్కటి తగ్గకుండా లెక్కపెట్టారు.

లెక్కపెట్టిన రాజు లేడా? ఉన్నాడు. ఇదే కళింగం మీద క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో యుద్ధం చేసిన అశోకుడు. లక్ష మంది చచ్చారు, లక్షన్నర మందిని తరలించుకుపోయాం, అంతకి ఎన్నో రెట్లు తర్వాత పోయారు, దానికి బాధపడుతున్నాను అని పదమూడో శిలాశాసనంలో చెక్కించాడు. మాకియవెల్లి రాజుల్లో ఇలాంటివాడు ఒక్కడూ లేడు. మన తొట్లకొండ, బావికొండ ఆరామాల్లో వెలిగిన ధర్మం అతను పట్టుకున్న ధర్మమే. కాని మనవాడు గదా అని కళ్ళు మూసుకోం. ఆ పదమూడో శాసనాన్ని కళింగంలో, ధౌలిలోనూ జౌగడలోనూ చెక్కించలేదు. ఓడినవాళ్ళు చదివే చోట ఆ లెక్క తీసేసి వేరే శాసనాలు పెట్టించాడు. అదే పదమూడో శాసనంలో అడవి జనానికి బెదిరింపు కూడా ఉంది. పశ్చాత్తాపం నిజమే కావచ్చు, దానితో పాటు జాగ్రత్తా ఉంది. బౌద్ధుడైనా రాజు రాజే.

ఇంతకీ కింద నుంచి రాజైనవాడి ఉదాహరణ లేదా అని ఇందాక ఒక అమ్మాయి అడిగింది. ఉంది, మాకియవెల్లి దగ్గరే, 'ప్రిన్స్'లో కాదు, తర్వాత రాసిన ఫ్లోరెన్స్ చరిత్రలో. 1378లో ఆ నగరంలో ఉన్ని కూలీలు తిరగబడ్డారు. వాళ్ళకి సంఘం పెట్టుకునే హక్కు లేదు, ఓటు లేదు. వాళ్ళలో ఒకడి నోట ఒక పెద్ద ఉపన్యాసం పెట్టాడు మాకియవెల్లి. బట్టలు విప్పితే అందరం ఒకటే, వాళ్ళ బట్టలు మనకీ మన బట్టలు వాళ్ళకీ వేస్తే ఎవరు పెద్దమనిషో తెలియదు అన్న భావం అందులో ఉంది. మాట్లాడినవాడికి పేరు పెట్టలేదు. తిరుగుబాటు గెలిచింది. మికేలె ది లాండో అనే ఉన్ని దువ్వే కూలీ చెప్పుల్లేని కాళ్ళతో, జెండా పట్టుకుని నగర భవనం మెట్లెక్కాడు. అతన్నే నగరాధ్యక్షుణ్ణి చేశారు. అది జూలై. ఆగస్టు చివర్లో కూలీలు ఇంకా హక్కులు కావాలని మళ్ళీ వస్తే, అదే మికేలె కత్తి దూసి వాళ్ళని చెదరగొట్టాడు. కూలీల సంఘాన్ని రద్దు చేశారు. కొన్నేళ్ళకి పెద్దలు మికేలెని కూడా నగరం నుంచి వెళ్ళగొట్టారు.

ఈ మికేలెని మాకియవెల్లి మెచ్చుకున్నాడు, గొప్ప వివేకి అని. చూశారా, పోపు కొడుకు నమ్మించి చంపితే ఆదర్శం. కుమ్మరి కొడుకు చంపితే కీర్తి లేదు. కూలీ కొడుకు కూలీల్ని తరిమితే వివేకం. మనం ఓటేసి పంపినవాడిని టీవీలో ఎవరు ఎక్కువ మెచ్చుకుంటున్నారో చూసుకోండి. అగ్రకులపోళ్ళు వివేకి అంటున్నారంటే అనుమానించాల్సిందే. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది పై కులాల నాయకుల గురించే అనుకుంటే పొరపాటు. మన నాయకుడికైనా మనం భక్తులం కాకూడదు. మికేలె మెట్లెక్కేటప్పుడు జెండా చూసినవాళ్ళు, చేతిలో కాగితం ఏముందో చూడలేదు. ఏ షరతు మీద పంపుతున్నామో రాసుకోలేదు.

అందుకని వచ్చే సభకి ఇళ్ళల్లో ఉన్న డి-పట్టాలు, ఆర్-కార్డులు, పాత రసీదులు ఏవున్నా జిరాక్సు తీయించి తీసుకురండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి, మా చేతికైనా సరే. పదో తరగతి పిల్లలు నలుగురు కొండెక్కి సింహాచలం గుడిలో రాయల శాసనం ఎక్కడుందో చూసి రావాలి. ఎవరైనా అడ్డుకుంటే ఎవరు, ఏమన్నారు అనేది తేదీతో సహా రాసుకోండి. మాలదాసరి కథ ఎవరైనా ఒకరు గట్టిగా చదవాలి, ఇద్దరు ఆడపిల్లలు ఇప్పటికే పేరిచ్చారు. దాసరి తిరిగి వచ్చిన చోట ఆపి, మీరైతే వస్తారా అని అడుగుతాం. జవాబులు సిద్ధం చేసుకుని రండి.